నువ్వు పరిచిన కళ్లం

నాయనా,

ఈ ఎండాకాలం గండికోట డ్యాములో నీళ్లు తగ్గి, మునిగిన మన ఊరు బయటపడింది. ఇళ్లన్నీ మట్టిలో కలిసిపోయాయి. పంట నూర్చడానికి నువ్వు బండలు పరిచిన కళ్లం మాత్రం చెక్కుచెదరలేదు. ఈ ఉత్తరం ఇక్కడితో ఆపేస్తే బాగుండేది.

కోట దగ్గర నేనిప్పుడు టెంట్లు అద్దెకిస్తున్నాను. మొన్న బెంగళూరు ఆసామి ఒకడు మోటార్‌హోమ్‌లో వచ్చాడు. బస్సంత ఇల్లు అది, లెట్రిన్ కూడా అందులోనే. మీట నొక్కితే చక్రాల దగ్గరున్న గాలి సంచులు ఉబ్బి బండిని సమం చేస్తాయి. టెంట్లున్న గుట్ట వాలులో ఎంత గాలి నింపినా అది ఒరిగే ఉంది.

"చదునైన చోటు ఎక్కడైనా ఉందా?" అన్నాడు.

"మా నాయన పరిచిన కళ్లముండాది, రాండి సార్."

నువ్వు చెంబుతో నీళ్లు పోసి, అవి ఏ పక్కకూ పారనంతవరకు బండలు సర్దడం గుర్తొచ్చింది. వానొస్తే నీళ్లు నిలబడతాయని అమ్మ గొణిగితే, "ఈడ వాన యాడ పడతాదిలే" అనేవాడివి.

కళ్లం మీద ఆ బండికి గాలే అవసరం రాలేదు. నేను పొంగిపోయాను.

పొద్దున్నే ఆయన గొట్టం విప్పి, లెట్రిన్ ట్యాంకు కళ్లం మీదికి వదిలాడు.

"ఇది మా కళ్లం సార్" అన్నాను.

"ఇక్కడెవరూ ఉండరుగా" అని చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

వాడి కన్నా, పిలుచుకుపోయిన నా మీదే నాకు రోత పుట్టింది. నువ్వు పరిచిన బండలు కదా నాయనా, ఆ రొచ్చు ఏ పక్కకూ పారలేదు.