నాలుగో నంబరు పేరు కొట్టివేయుట గురించి

కుళాయిల కార్ఖానా కార్మికుల సహాయ నిధి
కార్యదర్శి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నిధి జాబితాలో నాలుగో నంబరు, అనగా మా తమ్ముడు, చనిపోయినందున అతని పేరు తీసివేసి, ఆ భృతిని వరుసలో ఉన్న తరువాతి మనిషికి ఇప్పించుట గురించి.

అర్జీ రాయడం నాకు ఇదే మొదలు. ఊరి బడిలో ఐదు వరకు చదివినాను. రాతలో తప్పులుంటే సర్దుకొని చదువుకోగలరు.

1. మా తమ్ముడు తమ కార్ఖానాలో ఇరవై ఆరు సంవత్సరములు కుళాయిలకు పాలిష్ పట్టినాడు. నేను అక్కడే వెనక గదిలో, పాలిష్ అయి వచ్చిన కుళాయిలకు కాగితం చుట్టి పెట్టెల్లో సర్దేవాడిని. మాట్లాడే పని కాదు గనుక నాకు సరిపోయినది. వాడు పట్టిన కుళాయిలో మొహం చూసుకొని తల దువ్వుకోవచ్చు. ఆ పొడి లోపలికి పోయి ఊపిరితిత్తులు పాడైనవి. పెళ్లి చేసుకోలేదు. నా దగ్గరే ఉన్నాడు.

2. కార్ఖానా మూసేటప్పుడు యజమాని గారు కొంత సొమ్ము బ్యాంకులో వేసి, దాని వడ్డీతో రోగులైన పన్నెండు మందికి నెలనెలా భృతి ఇచ్చేటట్టు ఈ నిధి పెట్టినారు. అసలు సొమ్ము ముట్టుకోరాదు. పన్నెండు మందికి మించరాదు. ఒక పేరు పోతేనే ఇంకొక పేరు ఎక్కును. తమకు తెలిసినదే.

3. భృతి తీసుకొనేవారు ప్రతి నెలా వేలిముద్ర వేయవలెను. పాలిష్ చక్రం దగ్గర అన్నేళ్లు కూర్చున్నవాళ్లకు వేళ్ల మీద గీతలుండవు. ఇత్తడితో పాటు అవీ అరిగిపోవును. మా తమ్ముడు వేలు పెడితే నల్లటి మచ్చ పడేది. అప్పటి గుమాస్తా గారు అది చూసి, "ఇదేం ముద్రయ్యా, సిరా ఒలికినట్టుంది. పైన ఒప్పుకోరు. పెద్దాయనా, నీ వేలు వెయ్యి. అన్నదమ్ములేగా" అన్నారు. వేసినాను. తప్పని తోచలేదు. కొన్నేళ్లకు వేలిముద్ర మిషన్ వచ్చినది. మిషన్‌కు కూడా వాడి పేరు మీద నా వేలే చూపించినాము. వాడు పక్కన నిలబడి, "గట్టిగా నొక్కు అన్నయ్యా, నేను సరిగ్గా పడాలి" అని నవ్వినాడు. వాడు మంచం పట్టినాక, చూసుకొనేవాడు వచ్చి వేలు పెట్టినా చాలన్నారు గనుక నేనొక్కడినే వచ్చేవాడిని. మిగతా పాలిష్ వాళ్ల సంగతి నేను చెప్పను.

4. మా తమ్ముడు మూడు నెలల క్రితం, మంగళవారం పొద్దున, మంచం మీద కూర్చొని చొక్కా గుండీలు పెట్టుకుంటూ పోయినాడు. రెండు గుండీలు పెట్టుకున్నాడు. ఆ తరువాత నేనేం చేసినానో సరిగా గుర్తులేదు. మిగతా గుండీలు నేను పెట్టినట్టున్నాను. మరణ పత్రం దీనితో జతపరచినాను.

5. పోయిన నెలా, అంతకు ముందు నెలా ఆ పత్రం పట్టుకొని తమ ఆఫీసుకు వచ్చినాను. పేరు తీయవలెనన్నా ఆ మనిషిని చూసుకొనేవాడు వేలు పెట్టవలెనట. కౌంటర్లో ఉన్న అమ్మాయి చెప్పినది. పెట్టినాను. పచ్చ లైటు వెలిగినది. నాలుగో నంబరు హాజరు అని తెర మీద వచ్చినది. ఆ నెల భృతి వాడి ఖాతాలో పడినది. మరుసటి నెల మళ్లీ పెట్టినాను. మళ్లీ పడినది. వాడు పోయినాడని నేను చెప్పినప్పుడల్లా, వాడు వచ్చి వెళ్లినట్టు మిషన్ రాసుకొనుచున్నది.

ఆ అమ్మాయి చాలాసేపు తెర వైపు చూసి, "తాతా, మిషన్ లెక్కన మీరే మీ తమ్ముడు" అన్నది.

"మరి నేనో?" అన్నాను.

"మీరు ఎక్కడా లేరు తాతా. మీ పేరు మీద వేలే లేదు."

"అయితే నేనే పోయినట్టు రాసుకో అమ్మా."

"లేనివాళ్లని ఎట్లా తీసెయ్యను తాతా?" అన్నది.

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చినది. తమరికి అర్జీ పెట్టమని కూడా తనే చెప్పినది. ఈ నెల నేను ఆఫీసుకు రాలేదు. వస్తే మళ్లీ పడుతుంది.

6. వరుసలో తరువాతి మనిషిని మేము పొడుగాయన అంటాము. మా తమ్ముడి పక్క చక్రం మీద చేసినాడు. మా వెనక ఇల్లే. రెండేళ్లుగా ఖాళీ కోసం చూస్తున్నాడు. ఆక్సిజన్ సిలిండరు అద్దెకు తెచ్చుకున్నారు. భార్య ఇస్త్రీ చేసి నడుపుతున్నది. మా తమ్ముడు పోయిన రోజు అన్నీ ఆమే చూసినది. మూడు రోజులు నాకు అన్నం పంపినది. తరువాత మా గుమ్మం తొక్కలేదు. ఎందుకో నాకు తెలుసు. మొన్న సందులో ఎదురుపడి, చేతిలో బట్టల మూటతో నిలబడిపోయింది.

"అడగకూడని మాట అన్నయ్యా" అన్నది.

అడుగమ్మా అన్నాను.

"పేరు తీశారా?"

ఇంకా లేదమ్మా అన్నాను. పోనీలే, తొందరేముంది అన్నది. తొందర ఉన్నది. సిలిండరు పగలంతా కట్టేసి రాత్రికి దాచుకుంటున్నారు. పగలు ఆయన ఊపిరి తీసే చప్పుడు గోడ ఇవతలికి వస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు వేరే చప్పుడు లేదు గనుక బాగా వినపడుతుంది.

7. కావున తమరు దయ ఉంచి నాలుగో నంబరు పేరును, మిషన్ ఒప్పుకోకపోతే చేత్తోనైనా, కొట్టివేయవలెను. ఈ మూడు నెలల భృతి నేను ముట్టుకోలేదు. వెనక్కి తీసుకొని పొడుగాయనకు ఇప్పించవలెను. వేరొకరి వేలు వేసినందుకు శిక్ష ఉంటే నాకే వేయవలెను. పాత గుమాస్తా గారు పింఛను మీద బతుకుతున్నారు. ఆయన్ను ఇందులో కలపవద్దు.

పేరు కొట్టివేసిన పిదపనే ఈ అర్జీని ఫైలులో పెట్టవలెను.

తమ విధేయుడు,
నాలుగో నంబరుకు అన్న
(సంతకం నాదే)

ఇంకొక మనవి: ఆఫీసుకు రెండుసార్లు వచ్చినాననీ, మూడు నెలల భృతి పడిందనీ రాసినాను. తమరు చూస్తే పట్టుకుంటారు. అంతకు ముందు కూడా ఒకసారి వచ్చినాను. వాడు పోయిన ఎనిమిది రోజులకు. చెబుదామనే వచ్చినాను. పత్రం జేబులోనే ఉన్నది. ఆ అమ్మాయి తలెత్తి, "తాతా, తమ్ముడెలా ఉన్నాడు?" అని అడిగినది. ఆ ఎనిమిది రోజుల్లో వాడి గురించి ఎవరూ అట్లా అడగలేదు. బాగున్నాడమ్మా అన్నాను. వేలు పెట్టి ఇంటికి వచ్చినాను. ఆ నెల తప్పు మిషన్‌ది కాదు. ఈ సంగతి పొడుగాయన భార్యకు ఆఫీసు నుంచి తెలియనివ్వవద్దు. నేనే వెళ్లి చెబుతాను. ఇంకా వెళ్లలేదు.