నువ్వుల మడిపై పాత చీరలు

మే నెల, మంగళవారం, నిజామాబాద్

పొద్దున రెంజల్ దగ్గరి మా ప్రయోగపు మడికి వెళ్లాను. ఎండకు పూత రాల్చని నువ్వుల రకం కోసం ఆరేళ్లుగా పడుతున్న పాట్లన్నీ ఆ మడిలోనే ఉన్నాయి. ఏ మొక్క నిలుస్తుందో తెలియాలంటే అన్నింటినీ ఎండకు వదిలేయాలి. తీరా చూస్తే మడి నిండా కట్టెలు పాతి, పాత చీరలు పందిరిలా కట్టేసి ఉన్నాయి.

పొలం ఆసామి రాజవ్వ గట్టు మీద ఒక్కతే కూర్చుని ఉంది.

"ఏందవ్వా ఇది? నీడ పడొద్దని చెప్పిన గదా!" అని అరిచాను.

"పూలన్నీ రాలుతున్నయి బిడ్డా. సూస్కుంట ఎట్ల ఊకుంట? గీ ఎండ మా ముసలోన్నే తీస్కపాయె, పువ్వులెంత?" అంది.

ఈ ఏటి పంట ఇక లెక్కకు రాదు. మళ్లీ వేసవి దాకా ఆగాల్సిందే, విత్తనం చూస్తే గుప్పెడే మిగిలింది. ఇద్దరం కలిసి చీరలు విప్పాం. చివరి చీర దగ్గర ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"గా మూలకు ఒక్కటి ఉండనియ్యి."

ఉంచాను.

ఇందాక రిజిస్టరులో కారణం రాశాను: "మడిపై నీడ పడినందున."

పోయిన వేసవిలో ఆమె భర్త నర్సన్న ఆ మూలనే రాలిన పూలు లెక్కపెడుతూ పడిపోయాడు. మిట్టమధ్యాహ్నమే లెక్కపెట్టాలని చెప్పింది నేనే.

ఆ రోజు అక్కడ నీడ లేదు.