కొల్లేటికోటకు నాలుగు చుట్టలు

ఏలూరు. ఆగస్టు 14, మంగళవారం.

సాయంత్రం కాలవ రేవులో పడవ నడిపే పెంటయ్యకు పేపరు చదివి వినిపించాను. బొంబాయిలో పొద్దున్నే లేచిన టపా విమానం చీకటి పడేలోగా మద్రాసులో దిగుతోందట.

"ఎన్ని చుట్టల దూరమండీ?" అన్నాడు. దారిలో ఎన్ని చుట్టలు కాలిస్తే అంత దూరం, కొల్లేటి మీద వీళ్ళ లెక్క అదే.

"విమానంలో చుట్ట కాల్చనివ్వరు."

"మరి ఎంత దూరమొచ్చారో ఆళ్ళకెలా తెలుస్తాదండీ?"

నాకు నవ్వు రాలేదు. కొల్లేటికోటలో, పుట్టింట్లో, మా ఆవిడ సుశీలకు నొప్పులు మొదలయ్యాయని మధ్యాహ్నమే కబురొచ్చింది.

"కోటకెన్ని?" అని అడిగాను.

"నాలుగండీ. కానీ ఈ గాలికి పడవ ఎదురెళ్ళలేదు. రేపు చూద్దామండీ."

నాకు చుట్ట అలవాటు లేదు. అయినా వస్తూ వస్తూ నాలుగు కొన్నాను. గాలి తగ్గలేదు. ఇప్పుడు మూడోది కాలుతోంది.