ఎర్కోలే చెక్కిన వాలు అక్షరాలు

బొలోన్యా, ఫిబ్రవరి 1503

ప్రియమైన నా చిట్టితల్లి ఇప్పోలీతాకు,

నా రాత గజిబిజిగా ఉంటుంది, ఓపిగ్గా చదువుకో. జ్వరంతో నీ తమ్ముడు ఎర్కోలే పోయి నలభై రోజులైంది. వాడి సూప్ గిన్నె ఇంకా బల్లమీద బోర్లించే ఉంది.

నిన్న అచ్చుకూటం గ్రాజియానో పిలిపించాడు. వెనిస్‌లో పుట్టిన వాలు అక్షరాల మోజు మన ఊరికీ వచ్చింది కదా. మనవాడు రెండేళ్లు కూర్చుని, అచ్చు అక్షరాలు పోతపోయడానికి ఉక్కు మొనలమీద చెక్కింది అవే. గ్రాజియానో పెట్టె తెరిచి చూపించాడు.

"చిన్నక్షరాలన్నీ వాలి ఉన్నాయి. వాక్యం మొదట్లో వేసే పెద్దక్షరాలు ఒక్కటీ లేవు. నీ కొడుకు పని సగంలో వదిలిపోయాడు, దొరోతేయమ్మా."

"వాడు రొట్టెముక్క కూడా సగంలో వదిలేవాడు కాదు" అన్నాను.

ఈస్టర్ లోపు అవి దొరక్కపోతే ఆ ఉక్కంతా అరగదీయించి వేరేవి చెక్కిస్తాడట. ఇల్లంతా వెతికాను. నీ దగ్గరేమైనా దాచాడా?

నిద్రపట్టని నీ అమ్మ,
దొరోతేయా


ఫెరారా మఠం, మార్చి

ప్రియమైన అమ్మా,

నా దగ్గర ఏమీ దాచలేదు. కానీ వాడు చెక్కింది నా రాత చూసే. "అక్కా, నువ్వెవరికీ వంగవు, నీ రాత మాత్రం వంగుతుంది" అని వెక్కిరిస్తూ నా కాగితాలు ఎత్తుకెళ్లేవాడు.

ఈ ఉత్తరం కిటికీ దగ్గర పట్టి చూడు. చిన్నక్షరాలు పరుగెత్తే పిల్లల్లా ముందుకు వాలతాయి. వాక్యం మొదట్లో పెద్దక్షరం మాత్రం నిటారుగా ఉంటుంది. ఇక్కడ మఠంలో మేమంతా రాసే తీరే అది. నిటారు పెద్దక్షరాలు గ్రాజియానో గూళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. ఉన్నవాటిని వాడు మళ్లీ ఎందుకు చెక్కుతాడు?

ఇది తీసుకెళ్లి చూపించు. ఆయన గొణిగినా అక్కణ్ణుంచి కదలకు.

నీ మొండి కూతురు,
ఇప్పోలీతా


బొలోన్యా, మే

ప్రియమైన మొండిదానా,

కదల్లేదు. బల్లకడ్డంగా కూర్చున్నాను. చివరికి నన్ను వదిలించుకోవడానికే గ్రాజియానో ఒక్క పేజీ వేయించాడు: పాత గూట్లోంచి పెద్దక్షరాలు, మన వాడి చిన్నక్షరాలు. తడి కాగితం పక్కన నీ ఉత్తరం పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత టోపీ తీశాడు.

"నా గూట్లో ఉన్నవాటికోసం నీ ఇల్లు వెతికించానమ్మా. పని పూర్తిచేసే పోయాడు నీ కొడుకు."

లాటిన్‌లో కాదు, మన భాషలోనే ప్రార్థనల పుస్తకం వేశాడు, అరచేతిలో పట్టేంత. వాలు అక్షరాలు ఒద్దికగా సర్దుకుంటాయట, అందుకే అంత చిన్నది. పదిహేను రోజుల్లో ఒక్కటీ మిగల్లేదు. విద్యార్థులు ఒక చేత్తో పుస్తకం, ఇంకో చేత్తో రొట్టె పట్టుకుని వసారాల కింద నడుస్తూ చదువుతున్నారు. నిన్న ఒకడు స్తంభాన్ని గుద్దుకుని, దానికే క్షమాపణ చెప్పాడు.

నాకూ ఒకటిచ్చారు. అచ్చు పుస్తకం నేనెన్నడూ చదవలేదు, నీకు తెలుసు. ఆ లావు అక్షరాలు నాకు మూసిన తలుపుల్లా కనిపించేవి. దీన్ని తెరిస్తే నీ ఉత్తరం విప్పినట్టే ఉంది. మొదటి పేజీ నాకు నేనే చదివాను, పైకి, పక్కింటివాళ్లకు వినిపించేలా.

తర్వాత తమ్ముడి గిన్నె తిరగేసి, సూప్ పోసుకుని, అడుగుదాకా తాగాను.

మీ ఇద్దరి అమ్మ,
దొరోతేయా