ప్రార్థన చేసిన వీసా

ఫిన్నీ,

లేవగానే ఇది చదువు. ఈ సాయంత్రం విశాఖ బస్సు ఎక్కవద్దు. విదేశంలో పని ఇప్పిస్తానన్న ఏజెంటు మనిషి వచ్చి అడిగినా పాస్‌పోర్టు ఇవ్వవద్దు. అది నా బీరువాలో ఉంది. తాళంచెవి నీ దిండు కింద పెట్టాను.

నీకు వచ్చినది పని వీసా కాదు, చూసి రావడానికి వెళ్లేవారికిచ్చే విజిట్ వీసా. గడువు అరవై రోజులు. దానితో వెల్డింగు పనిలో చేరితే ఆ దేశంలో నేరమవుతుంది. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయలేవు. తెల్లవారుజామున నీ పెట్టె సర్దుతూ ఆ ఇంగ్లీషు కాగితాన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. నిన్ను లేపి చెప్పే ధైర్యం చాలలేదు. మొదటి బస్సుకు విజయనగరం వెళ్లి, ఉద్యోగ ఒప్పందం చూపించమని ఏజెంటును అడుగుతాను. అలాంటిదొకటి ఉంటుందన్న ఆశ నాకు లేదు.

కాగితం వచ్చిన రోజున పాస్టరుగారు మన ఇంట్లోనే దానిని బైబిలు మీద ఉంచి ప్రార్థించారు. సంఘమంతా ఆమేన్ అన్నది. ఎవరో చదవబోతే, "దేవుడిచ్చిందాన్ని మళ్లీ సదివి సూత్తారేట్రా!" అని చిన్నాన్న నవ్వడం నా గదిలోకి వినిపించింది.

అన్నం వండాను. చారు వేడి చేసుకో.

షాలిని

ఇదీ రాయాలి. ఆ రోజు నువ్వు నా తలుపు తట్టి, "అక్కా, ఓపాలి బయటికి రా, ఇందులో ఏటి రాసున్నాదో సదివి సెప్పు" అన్నావు. ఇంటినిండా జనం ఉన్నారని, వాళ్ల ముందుకు రాలేక, నిద్రపోతున్నట్లు పలకకుండా ఉన్నాను. మర్నాడే నువ్వు మిల్లులో ఉద్యోగం మానేశావు.