ఏడు గంటల స్నానం

మార్చి 3, 2009. పార్సిప్పనీ

స్ట్రోక్ వచ్చి రెండేళ్లు. కుడి చెయ్యి ఇంకా నా మాట వినదు, ఎడమ చేత్తో రాస్తున్నాను. ఇన్నాళ్లూ నన్ను చూసుకోవడానికి ఏజెన్సీ పంపిన మనిషి ఎప్పుడొస్తే అప్పుడే నాకు తెల్లారేది. పదిన్నరకి స్నానం, ఆ తర్వాత కాఫీ. ముప్పై ఏళ్లు ల్యాబ్‌కి వెళ్లాను, ఏడింటికి స్నానం చేయకుండా కాఫీ ముట్టింది లేదు.

ఇవాళ ఇక్కడి స్టేట్ గవర్నమెంట్ ప్రోగ్రామ్ నుంచి మిసెస్ అల్వారెజ్ అనే కన్సల్టెంట్ వచ్చింది. ఇకపై నా కేర్ బడ్జెట్, అంటే మనిషిని పెట్టుకునే డబ్బు, నా చేతిలోనే ఉంటుందట. ఎవరిని పెట్టుకోవాలో, ఏ టైమ్‌కి రమ్మనాలో నా ఇష్టమట. ఫారమ్‌లో ఎంప్లాయర్ అన్నచోట నా పేరు. తమ్ముడు పద్మనాభం, నీకెందుకక్కయ్యా ఈ తలనొప్పి, రెప్రజెంటేటివ్‌గా నేను సంతకం పెడతాలే అన్నాడు. అలాగైతే నిర్ణయాలన్నీ అతనివే అవుతాయని ఆవిడ చెప్పింది. వద్దన్నాను. కృష్ణవేణి అని రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. గర్వంగా ఉంది.

మార్చి 14

ఇంటర్వ్యూలు చేద్దామనుకున్నాను. ఏమేం కావాలో కాగితం మీద రాసుకున్నాను కూడా. ఈలోగా మరదలి ఫ్రెండ్ రేణు, మా కాంప్లెక్స్‌లోనే ఉంటుంది, కాకరకాయ వేపుడు పట్టుకొచ్చి, బయటివాళ్లెందుకక్కా, నేను లేనా అంది. డబ్బా ఇంకా నా ఒళ్లోనే ఉంది. కాదని ఎలా అనను? సరే అన్నాను. కాగితం డ్రాయర్‌లో పెట్టాను.

ఏప్రిల్ 6

రేణు మంచిది. తొమ్మిదింటికి వస్తుంది, పెద్దవాళ్లు బాగా నిద్రపోవాలట. కాఫీ బీపీకి మంచిది కాదని రాగిజావ. చీర కష్టమని నైటీ. స్పూన్ నా చేతికివ్వదు. ఏజెన్సీ నుంచి వచ్చే డోరిస్‌కి నా పేరు పలకడం రాదు గానీ, ఏ బట్టలు, బ్లూనా గ్రీనా అని రోజూ అడిగేది. ఆమె మీద రెండుసార్లు కంప్లైంట్ చేశాను. అక్కా అని పిలిచేదాని మీద ఎవరికి చేయను? ఎంప్లాయర్‌ని నేనేనాయె.

ఏప్రిల్ 7

రాగిజావ.

జూన్ 9

మిసెస్ అల్వారెజ్ రివ్యూకి వచ్చింది. స్నానం ఏ టైమ్‌కి కావాలన్నారు, ఏ టైమ్‌కి జరుగుతోంది అని అడిగింది. తొమ్మిదిన్నర, అంతా బాగుంది అని పద్మనాభం జవాబిచ్చాడు. ఆవిడ నా వైపే చూసింది. నేను నేల చూశాను. శుక్రవారం మళ్లీ వస్తుందట. అప్పటికీ నా బదులు ఇంకొకరే మాట్లాడుతుంటే తమ్ముణ్ణే రెప్రజెంటేటివ్‌గా రాయాల్సి వస్తుందట. ఆవిడ వెళ్లాక పద్మనాభం, రేణుతో ఇబ్బందైతే చెప్పు, నేను మాన్పించేస్తా అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

జూన్ 11

చెప్పేశాను. మార్చినాటి కాగితం తీసి, చూసి చదివాను. ఏడింటికి స్నానం, తర్వాత కాఫీ. చీర. స్పూన్ నా చేతికి. కుదరకపోతే ఇంకొకరిని చూసుకుంటానన్నాను. రేణు ఏడ్చింది. ఈ ముక్క మొదటిరోజే చెప్పొచ్చు కదక్కా అంది. ప్రతిదీ అడిగితే పరాయిదానిలా ఉంటుందని అడగలేదట. రేపు వస్తావా అని నేనూ అడగలేకపోయాను.

జూన్ 12, ఉదయం 7:05

వచ్చింది. క్లోజెట్ తెరిచి, ఏ చీరక్కా అని అడిగింది.

నీ ఇష్టం అనబోయి నాలుక కరుచుకున్నాను. రేణు ఇంకా క్లోజెట్ దగ్గర నిలబడే ఉంది.