పటంలో లేని దారి

మైలాపూరు,
ఆదివారం.

చిరంజీవి సునయనకు అవ్వ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, మీ తాత పుస్తకాల బీరువాలూ. నా మోకాళ్లు మాత్రం ఆ లెక్కలోకి రామంటున్నాయి. కొండమీద నీ సైనిక కాలేజీలో చలి ఎక్కువగా ఉందని రాశావు. మేజర్‌నైపోయానని మంకీ టోపీ పెట్టుకోవడానికి సిగ్గుపడకు. శత్రువు చూస్తే నవ్వలేక పడిపోతాడు, నీకే లాభం.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. మొదటిది, బి.పి. మాత్రలు వేసుకుంటున్నానా అని. వేసుకుంటున్నాను. పక్కింటి భువనేశ్వరి రోజూ వచ్చి, పోలీసులాగా నోరు తెరిపించి చూసి మరీ వెళుతోంది.

రెండోది, యూనిఫాం వదిలేసి తాతలాగా పరిశోధనలోకి వెళ్లనా అని. పెన్షన్ సంగతి మీ నాన్న ఇప్పటికే చెప్పి ఉంటాడు. నేను చూసింది చెబుతాను. మీ తాత సైన్యం వదిలి వచ్చేటప్పటికి నలభై ఏళ్లు. మొదటి ఆరు నెలలూ పొద్దున్నే అయిదింటికి లేచి, బూట్లకు పాలిష్ పెట్టి, తొడుక్కుని, ఎక్కడికీ వెళ్లేది లేక మళ్లీ విప్పేవారు. తర్వాత ఆ బూట్లతోనే యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టారు. ఒకరోజు అక్కడ ఒక అమ్మాయి, "సార్, మీరు చెప్పేదానికి ఆధారం ఏమిటి?" అని అడిగిందట. ఇంటికొచ్చి ఒకటే గింజుకున్నారు.

"ఆధారమా! నేను అక్కడ ఉన్నాను తాయారూ!"

"ఉన్నవాళ్లందరూ నిజమే చెబుతారా ఏమిటి?" అన్నాను.

రెండు రోజులు నాతో మాటల్లేవు. మూడో రోజు చూస్తే, ఆ అమ్మాయి అడిగిన కాగితాల కోసం ట్రంకు పెట్టెలన్నీ బోర్లించుకుని కూర్చున్నారు. ఆయన పండితుడైంది ఆ రోజే అని నా ఉద్దేశం. సైన్యంలో ఆయన మాట కాదన్నవాళ్లు లేరు. ఇక్కడ ఎవరైనా కాదంటే ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తినేవారు. టీవీవాళ్లు పిలిస్తే ఒక్కసారి వెళ్లి వచ్చారు. "యుద్ధం కావాలనేవాళ్లు నలుగురు, చూసినవాణ్ని నేనొక్కణ్ని. నా మైకే పనిచేయలేదు" అన్నారు. మళ్లీ వెళ్లలేదు. నీకంటే చిన్నవాళ్లు నిన్ను నిలదీస్తే తట్టుకోగలిగితే వెళ్లు. లేకపోతే యూనిఫామే నయం.

మూడో ప్రశ్న దగ్గర పది రోజులు ఆగిపోయాను. తాతకు పేరు తెచ్చిన యుద్ధం పుస్తకంలోని వాగు పోరాటం అధ్యాయాన్ని ఆయన ఎన్నడూ పాఠంగా ఎందుకు చెప్పలేదని అడిగావు. వచ్చే నెల నువ్వు సమర్పించే వ్యాసమంతా దానిమీదే నిలబడిందనీ, నాయకుడికి మరో దారి లేనప్పుడు ఏం చేయాలో అందులోని పటం చూపించి తోటి ఆఫీసర్లకు చెబుతాననీ రాశావు.

మరో దారి ఉంది, సునయనా.

ఆ పుస్తకంలో పటాలు నేను గీశానని నీకు తెలుసు. బళ్లో భూగోళం చెప్పేదాన్ని కనుక ఆ పని నామీద పడింది. ఆయన చేతిరాతను టైపు చేసిందీ నేనే. డెబ్భై ఒకటి యుద్ధంలో, కెప్టెన్‌గా ఉన్నప్పుడు, ఆయన పదిమందిని వాగు దాటించి అవతలి గట్టుమీది శత్రువు మీదికి పంపారు. దాక్కోవడానికి ఒక్క పొదైనా లేని వాగు. నలుగురు తిరిగి రాలేదు. ఇంతవరకు పుస్తకంలో ఉంది. లేనిది చెబుతాను. ముందురోజు ఒక మేకల కాపరి వచ్చి, గుట్ట వెనకనుంచి దారి ఉందన్నాడు. వాడు గూఢచారేమోనని మీ తాత నమ్మలేదు. యుద్ధం ఆగాక తానే ఆ దారిన నడిచి చూశారు. శత్రువు కంట పడని దారి. రెండు గంటలు ఎక్కువ పడుతుంది, అంతే. ఆ సంగతంతా ఒక పేరాలో రాశారు. నాకిచ్చిన చిత్తు పటంలో ఆ దారిని చుక్కల గీతగా చూపించారు.

ఆ పేరా నేను టైపు చేయలేదు. ఆ గీత నేను గీయలేదు.

అంజలై కోసం అనుకున్నాను. చనిపోయిన నలుగురిలో ఒకడైన మారిముత్తు భార్య, తిరువొత్తియూరులో ఉంటుంది, నీకు తెలుసు. ఏటా వెళ్లి చూసి వస్తాం. వేరే దారి ఉండేదని ఆమెకు తెలిస్తే ఎలా బతుకుతుంది అనుకున్నాను. ఆమె ఇంగ్లీషు పుస్తకం చదవలేదని నాకు బాగా తెలుసు. అయినా ఆమె కోసమే అనుకున్నాను. అసలు సంగతి, అప్పుడప్పుడే పండితుడవుతున్న నా మొగుణ్ని జనం వేలెత్తి చూపుతారని భయం. అచ్చుకు ముందు సరిచూడ్డానికి ప్రూఫులు వచ్చాయి. ఆయన ఆ పటాన్ని అరగంట చూశారు. నా వంక చూడలేదు. సంతకం పెట్టి ఇచ్చేశారు. ఆయన పోయేదాకా, ముప్పై అయిదేళ్లు, ఇద్దరం దాని ఊసెత్తలేదు. పాఠం చెప్పకపోవడమే ఆయన తనకు వేసుకున్న శిక్ష. నేను అది కూడా వేసుకోలేదు.

నీకు రాయకముందే అంజలైకి చెప్పాలనిపించి బుధవారం ఆటోలో వెళ్లాను.

"ఏందమ్మా, ఒక ఫోనన్నా చెయ్యకుండా వచ్చినావు! కూర్చో, కాఫీ తెస్తా" అంటూ లోపలికి నడిచింది. కూర్చోకుండానే చెప్పేశాను. ఆమె వంటింటి గడపలోనే ఆగిపోయింది.

"ఆ దారిలో పోయుంటే ఎంతసేపు పట్టేది?"

"రెండు గంటలు ఎక్కువ."

"రెండు గంటలేనా? మా పెండ్లికే మూడు గంటలు లేటుగా వచ్చిన మనిషమ్మా. ఆ ఒక్క దినం మాత్రం టైముకు పంపించేసినారు."

అక్కణ్నుంచే నా వైపు తిరిగింది.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?"

"భయం."

"నాకేమన్నా అవుతుందనా, నీకా?"

"నాకే."

"సరి" అంది. గడప దిగి వచ్చి, "మరి ఇప్పుడెందుకు చెప్తుండావు?" అంది. నీ వ్యాసం సంగతి చెప్పాను.

"అయితే ఆ దారి గీసి చూపించమను ఆ పిల్లను. ఆ కాలేజీలో చదువుకునేవాళ్లు రేపు ఇంకెవుర్నో పంపిస్తారు కదా."

కాఫీ ఇవ్వలేదు. నేనూ అడగలేదు. వీధి చివరిదాకా వచ్చి ఆటో మాత్రం ఎక్కించింది.

ఈ ఉత్తరంతో మీ తాత చేతిరాత పేరా, ఆ చిత్తు పటం పెట్టాను. నీ వ్యాసం కూలిపోతుందని తెలుసు, గడువు నెలే ఉందనీ తెలుసు. తాత పేరు ఏమవుతుందో నాకు తెలియదు. అయినా మళ్లీ రాయి. కాపరిని నమ్మనిది ఆయన, దారిని దాచింది నేను, చూసి సంతకం పెట్టింది ఆయన. మూడూ విడివిడిగా రాయి. ముసలిది కదా అని జాలిపడి నన్ను పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేయకు.

ఇట్లు,
దీవించే అవ్వ,
తాయారు